విజయనగరపు జాతరలో పీచుమిఠాయి

తీర్థములకును జాతరలకును పోయివచ్చిన గృహిణి చేతిసంచిని విప్పి చూచినచో ఒక సంగతి తేటపడును. అందు పిల్లవానికి బూర, పిల్లకు గాజులు, అత్తగారికి కుంకుమపొట్లము, ఇరుగుపొరుగువారికి ప్రసాదము, ఇంటిల్లిపాదికి జీళ్లు, అన్నియు నుండును. ఆమె తనకై కొనుక్కొన్నది మాత్రమేమియు నుండదు. దప్పి యైనచో ఇంటినుండి తెచ్చుకొన్న మంచినీళ్లే త్రాగును. ఆకలి యైనచో ఇల్లు చేరువరకు నోర్చుకొనును. వీథిలో నిలువబడి తినుట ఆడుదానికి తగదని మనకు చిన్ననాడే చెప్పిరి. పదేండ్ల ప్రాయమున మన చేతినుండి తప్పిపోయిన జాతర మిఠాయి మరల మన చేతికి వచ్చుట తల్లులమైన పిమ్మటనే. అదియు బిడ్డకందించుటకే గాని మన నోటికి గాదు.

ఈ యలవాటు మంచిదని కొందరును, కాదని కొందరును అందురు. ఆ తగవు మాకక్కరలేదు. కాని దీనివలన రెండు నష్టములు గలవని మాకు తోచినది. చిన్న సంతోషమొకటి మనకు లేకపోవుట మొదటిది. రెండవది అంతకంటె పెద్దది. మన బిడ్డలు దేనికై కొంగు పట్టుకొని యేడ్చుచున్నారో, అది యెట్టిదో, దానిలో నేమున్నదో మనమెరుగకపోవుట. మొన్నటి ఆశ్వయుజమున పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము చూడ విజయనగరమునకు పోయినప్పుడు మేము పీచుమిఠాయి కొనుక్కొని తింటిమి. ఆ ప్రయాణమును గూర్చియు, ఆ మిఠాయిని గూర్చియు సోదరీమణులకు నాలుగు మాటలు చెప్పవలెనని ఇది వ్రాయుచున్నాము.

శ్రీకాకుళమువారు రైలెక్కవలెనన్నచో ఆమదాలవలసకు రావలెను. శ్రీకాకుళము రోడ్డు స్టేషను అచ్చటనే యున్నది. మంగళవారము తెల్లవారుజాముననే మా పెద్దత్తగారు, వదినగారు, పిల్లలిద్దరు, మేము బయలుదేరితిమి. బండి జాతరకు పోవువారితో క్రిక్కిరిసి యుండెను. కొందరి తలలపై అరటిగెలలు, కొందరి చంకలలో పసిబిడ్డలు. ఇరుప్రక్కల వరిచేలు పచ్చగా నుండెను. నడుమ నడుమ తాటితోపులు.

కొంతదూరము పోవగనే పొందూరు వచ్చినది. ఈ యూరి సన్నఖద్దరును గూర్చి వినని తెలుగు ఇల్లాలరుదు. ఇచ్చటి స్త్రీలు కొండపత్తిని వాలుగచేప దవడయెముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులు చుట్టి, ఒంటికదురు రాట్నముపై నూరవ నెంబరు వరకు నూలు తీయుదురు. చేప దవడలోని సన్నని పండ్లే వారికి దువ్వెన. దినమంతయు రాట్నముకడ కూర్చున్నను వచ్చు నూలు కొద్ది. కాని ఆ నూలుతో నేసిన బట్ట ఏండ్లకేండ్లు నిలుచును. మా పెద్దత్తగారు పొందూరు పంచెలను, వాని మన్నికను మెచ్చుకొనుచుండగనే విజయనగరము చేరితిమి. ఆ దినముననే మరియొక విధమైన దారమును చూడనున్నామని మాలో నెవరును తలపలేదు.

విజయనగరపు కోట 1713వ సంవత్సరమున పునాది వేసినది. 1757 జనవరిలో జరిగిన బొబ్బిలియుద్ధమున విజయనగర ప్రభువైన పెదవిజయరామరాజు తాండ్ర పాపారాయని చేతిలో హతుడయ్యెను. పైడితల్లి ఆయన చెల్లెలనియు, అన్నకు వాటిల్లిన యాపద వినినంతనే ప్రాణములు విడిచెననియు, పిమ్మట పెద్దచెరువులో విగ్రహమై లభించెననియు ఇచ్చటివారు చెప్పుకొందురు. అమ్మవారికి రెండు గుడులు గలవు. రైలు స్టేషను చెంతనున్నది వనంగుడి. ఊరి నడుమ మూడులాంతర్ల కడ నున్నది చదురుగుడి. విజయదశమి వెళ్లిన తరువాత వచ్చు సోమవారము తొలేళ్లు, మరునాడు సిరిమాను. సిరిమానన సుమారు 60 అడుగుల పొడవుగల చింతమాను. దాని కొనకు పీట యమర్చి పూజారిని కూర్చుండబెట్టి, బండిపై నెత్తి, చదురుగుడినుండి కోటవరకు ముమ్మారు త్రిప్పుదురు. ముందు పాలధార, తెల్లయేనుగు, అంజలిరథము, జాలరివల నడచును. మేడలపైనుండియు వీథులనుండియు జనులు అరటిపండ్లు విసరి మ్రొక్కుకొందురు.

సిరిమాను కదలుట ప్రొద్దు వాలిన పిమ్మటనే గనుక, చదురుగుడిలో దర్శనము చేసికొని, పిల్లలతో బజారున తిరిగితిమి. దారి పొడవునను దుకాణములే. మిఠాయియుండలు, జీళ్లు, కారపుబూంది, మరమరాలు, చెరకుగడలు, బొమ్మలు, బుడగలు. అంతలో మా మేనకోడలు మా చేయి విడిచి పరుగెత్తినది. ఆమె వెంట పిల్లవాడు. వారు నిలిచినచోట చిన్నపిల్లలు గుంపుగా నుండిరి. ఆ గుంపు నడుమ పీచుమిఠాయి చుట్టువాడు కాలితో యంత్రమును త్రొక్కుచుండెను.

యంత్రము చూచుటకు మోటుగా నున్నను దాని పని సొంపైనది. పెద్ద పళ్లెము వంటి తొట్టి. దాని నడుమ అంచున సన్నని సందులుగల చిన్న గిన్నె. గిన్నె క్రింద మంట. గిన్నెలో రెండు చెంచాల చక్కెర పోయును. వేడికి చక్కెర కరగి పాకమగును. గిన్నె గిరగిర తిరుగుటచే ఆ పాకము సందులగుండ వెలుపలికి చిమ్మును. గాలి తగులగనే చల్లారి, సాలెగూటి పోగులవలె సన్నని దారములై తొట్టి చుట్టును పేరుకొనును. వాడు వెదురుపుల్ల నొకదానిని తీసికొని ఆ దారములలో రెండు చుట్లు త్రిప్పినంతనే పిల్లవాని తలకాయంత దూదివుండ తయారగును. ఇందు మంత్రమేమియు లేదు. పొందూరిలో కదురు చేయు పనినే ఇచ్చట తిరుగుడుగిన్నె చేయుచున్నది. అక్కడ దినమంతయు పట్టిన పని ఇక్కడ అర నిమిషములో ముగిసినది. అక్కడ ఏండ్లు నిలుచు దారము ఇక్కడ నోరు చేరువరకైన నిలుచునో నిలువదో యన్నట్లున్నది.

మన సముద్రతీరపు తేమగాలి ఈ దారమునకు బద్ధశత్రువు. చక్కెర తేమను పీల్చుకొని కొలదిసేపటిలో క్రుంగి, జిగురువలె ముడుచుకొనిపోవును. అందుచేతనే వీథివీథి తిరిగి గంట వాయించుచు అమ్మువారు దీనిని గాలి చొరకుండ సంచులలో కట్టి పొడుగాటి కర్రకు వ్రేలాడదీసికొని తిరుగుదురు. యంత్రముకడ నిలిచి అప్పటికప్పుడు చుట్టించుకొన్నదే మేలైనదని మేము నాడు గ్రహించితిమి.

మేము అయిదు కావలెనంటిమి. వాడు పిల్లలను లెక్కించి, మా వంక చూచి, "గుంటలిద్దరే గదమ్మా, అయిదేటి?" అనెను. మా వదినగారు సిగ్గుపడి, "రెండే చాలునులే" యని మెల్లగా ననిరి. మేము వినలేదు. "పెద్దవారము ముగ్గురము కూడ తిందుము" అంటిమి. వాడు నవ్వి, "తినండమ్మా. పంచదారకి వొయిసేటి?" అనెను. ఆ మాట మా వదినగారికి ధైర్యము నిచ్చినది.

అప్పుడు మేము వాని ప్రక్కనున్న చిన్న సీసాను చూచితిమి. అందు ముదురు గులాబిరంగు పొడి గలదు. చక్కెరలో చిటికెడు కలిపిన చాలును. మిఠాయి యంతయు మెరయుచుండెను. ఇదేమి రంగని అడిగితిమి. పేరు తనకు తెలియదనియు, బజారులో దొరకునదే యనియు చెప్పెను. రంగు లేకుండ చుట్టుమంటిమి. "సుట్టమంటే సుట్టెత్తానమ్మా. తెల్లది గుంటలు సూడనైనా సూడరు. ఎర్రదుంటేనే నాకు బేరం" అని, గిన్నె తుడిచి, వట్టి చక్కెర పోసెను.

ఆ రంగును గూర్చి మేమంత పట్టుబట్టుటకు కారణము గలదు. 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరియందు ఆహారాధికారులు పీచుమిఠాయిని పరీక్షింపగా రోడమిన్-బి యను రంగు కనబడినది. అది బట్టలకును, కాగితములకును వేయు రంగు. ఆహారమున వాడుట మన చట్టము నిషేధించినది. అప్పుడు తెలంగాణకు గవర్నరుగను, పుదుచ్చేరికి లెఫ్టినెంటు గవర్నరుగను ఉండిన తమిళిసై సౌందరరాజన్ గారు, తాము వైద్యురాలు గనుక, ఈ సంగతిని స్వయముగ ప్రజలకు తెలిపి దాని యమ్మకమును నిలిపించిరి. మన తెలుగువారి యానాము పుదుచ్చేరి పాలనలోనిదే గదా! ఆ నెలలోనే తమిళనాడును, మార్చిలో కర్ణాటకమును అట్టి యుత్తరువులే చేసినవి. కర్ణాటకము రంగు కలిపినదానిని మాత్రమే నిషేధించి, తెల్లనిదానిని విడిచిపెట్టినది. ఆహారమున వాడదగిన కృత్రిమవర్ణములు కొన్ని గలవు. వానికిని పరిమితి గలదు. కాని జాతరలో సీసాలోని పొడి ఏ తెగకు చెందినదో కంటితో చూచి చెప్పుట ఎవరి తరమును గాదు. ఇంట నీళ్లలో కలిపి తేల్చుకొందుమనుటయు నమ్మదగిన పరీక్ష గాదు. కావున రంగులేనిదానిని కోరుటయే తల్లికి తెలివైన మార్గము.

తెల్లనిది చేతికి రాగానే మేనకోడలు మూతి ముడుచుకొన్నది. "ఇది మిఠాయి గాదు, దూది" అన్నది. పిల్లవాడు మాత్రము "కాదు, మబ్బు" అని కొరికెను. పిమ్మట ఆమెయు ఊరకుండలేదు. మేమును ఒక తునుక త్రుంచి నోట వేసికొంటిమి. పెదవికి తగిలినప్పుడు దూదియే. నాలుకకు తగిలినంతనే లేదు. నమలుటకేమియు దొరకదు. లేతగా మాడిన చక్కెర వాసన, నాలుక చివర తీపు, అంతే. ఏలకుల పరిమళము గాని, నేతి కమ్మదనము గాని, నువ్వుల రుచి గాని లేదు. పాకశాస్త్రమున దీనికి గొప్ప పదవి నీయజాలము. అయినను చేయి మరల దానిమీదికే పోవుచున్నది. ఇది రుచికై తినునది కాదు, మాయమగుటకై తినునది. ఉన్నది లేకుండ పోవుటను నోటిలోనే చూచుకొనుట పిల్లలకెంత వేడుకయో మాకప్పుడు తెలిసినది. ఇంత పెద్ద వస్తువును ఒక్క గ్రుక్కలో మ్రింగితిమన్న పరాక్రమము కూడ అందు కొంత గలదు.

మా పెద్దత్తగారి పుట్టినిల్లు విజయనగరమే. వారికి డెబ్బదియేండ్లు దాటినవి. ఊహ తెలిసిననాటినుండి సిరిమాను చూచుచునే యున్నారు. వారు మొదట పుచ్చుకొనరైరి. ముఖము ప్రక్కకు త్రిప్పి, "నాకెందుకే అమ్మాయీ, పిల్లలకు పెట్టు" అనిరి. మా వదినగారు చెరగు చాటుచేసి పట్టుకొనగా, ఒక చిన్న తునుకను గ్రహించి, కన్నులు మూసికొని నోట వేసికొనిరి. క్షణకాలము మాటలాడలేదు.

"ఇంతేనటే?" అనిరి.

"ఇంతే అత్తయ్యగారూ" అంటిమి.

"దీనికోసమా నేను పదకొండేండ్లప్పుడు మూడుదినములు ఏడ్చినది! పెద్దదానవైతివి, బజారులో తింటే నలుగురు నవ్వుదురని మా అమ్మ చేయి పట్టుకొని లాక్కొనిపోయినది. పిమ్మట నా పిల్లలకు కొన్నాను, వాళ్ల పిల్లలకు కొన్నాను. ఏముండునో యని ఇన్నేండ్లు అనుకొంటినే!"

అని నవ్విరి. నవ్వుచునే మరల చేయి చాచిరి. మేము పుల్ల యంతయు వారి చేతికిచ్చితిమి. ఈసారి చెరగు చాటు కోరలేదు.

ఈ మిఠాయి పుట్టుక కూడ వినదగినది. అమెరికాదేశమున టెనెస్సీ రాష్ట్రపు నాష్‌విల్ నగరములో విలియం మారిసన్ అను దంతవైద్యుడును, జాన్ వార్టన్ అను మిఠాయి వ్యాపారియు కలిసి 1897లో ఈ యంత్రమును కల్పించిరి. పండ్లు బాగుచేయువాడే పండ్లు పాడుచేయుదానిని కనిపెట్టుట వింత గాదా! 1904లో సెయింట్ లూయీ నగరమున జరిగిన ప్రపంచప్రదర్శనమున దీనిని ‘ఫెయిరీ ఫ్లాస్’ అను పేర, అనగా దేవకన్యల నూలుపోగులని, అమ్మిరి. ప్రదర్శనమునకు ప్రవేశరుసుము 50 సెంట్లుకాగా, ఒక్కొక్క మిఠాయిపెట్టె వెల 25 సెంట్లు. అయినను 68,655 పెట్టెలు చెల్లినవట. అనగా ఆ దేశమునను జనులు దీనిని రుచికై గాక వింతకై కొన్నారనుట స్పష్టము. మన జాతరలకు వచ్చిన పిమ్మట దేవకన్యలు పోయి వట్టి పీచు మిగిలినది. పేరు మనదే మేలు, ఉన్నదున్నట్లు చెప్పుచున్నది.

ఒక పుల్లకు పట్టు చక్కెర సామాన్యముగ 25, 30 గ్రాములు. చూచుటకు కొండంత, చేతిలో గుప్పెడు. ఒక సీసా తీపిపానీయములోని చక్కెరకు ఇది సుమారు సమానము. పెద్దవారు సయితము దినమునకు 50 గ్రాములకు మించి విడిచక్కెర పుచ్చుకొనరాదనియు, 25కు లోపలనున్న మరింత మంచిదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2015లో చెప్పియున్నది. పిల్లలకు ఇంకను తక్కువ. ఏడాదికొక్కసారి జాతరలో తినుదానికి ఈ లెక్క లెందుకని కొంద రనవచ్చును. నిజమే. కాని ఇప్పుడు ఈ మిఠాయి బడి గుమ్మముకడకును, పెండ్లిపందిళ్లలోనికిని వచ్చినది. జాతరకొక్కసారి తినునది వేడుక. వారమునకు మూడుసారులు తినునది అలవాటు.

తిరిగి వచ్చునప్పుడు జీళ్లు కొంటిమి. ఇవి మన జిల్లాల జాతరలకు పాతచుట్టములు. బెల్లమును ముదురుపాకము పట్టి, గోరువెచ్చగా నుండగనే మేకునకు తగిలించి, లాగి, మడచి, మరల లాగుదురు. లాగినకొలది నల్లని పాకము బంగారువన్నెకు వచ్చును. పిమ్మట తునుకలు చేసి నువ్వులలో దొర్లింతురు. ఇందును తీపియే యున్నది. పండ్లకు మంచిదని చెప్పజాలము. కాని నువ్వులు గలవు, నమలుట గలదు, ఒక్కటి తిన్న తృప్తి గలదు. రంగుపొడితో పనిలేదు, బెల్లపు వన్నెయే దాని వన్నె. పిల్లవాడు జీడిని దవడకు పెట్టుకొని పొందూరు దాటువరకు మాటలాడలేదు. పీచుమిఠాయితో ఈ లాభము లేదని మా వదినగారనిరి.

మన వంటయిండ్లలో నైవేద్యము కాక మునుపు రుచి చూచు నాచారము లేదు. ఉప్పు చాలినదియు లేనిదియు వాసన చూచియే చెప్పు ఇల్లాండ్రు నేటికిని గలరు. కంటికిని ముక్కుకును అంత నేర్పు గల స్త్రీలు వీథిలో బిడ్డకు కొనుదానిని మాత్రము కన్నెత్తి చూడకుండ డబ్బిచ్చి వచ్చుట మాకు వింతగా తోచినది. జాతర మిఠాయికి నైవేద్యనియమము లేదు. మొదటి తునుక తల్లి నోటికే పోవచ్చును. బిడ్డతో కలిసి తిన్న తల్లి, "ఇక చాలు" అన్నప్పుడు బిడ్డ వినును. ఏలయన, ఆమెకును దాని రుచి తెలియునని వానికి తెలియును. ఎన్నడును తినని తల్లి వలదన్నచో వాడు అది దానిపై పగ యనుకొనును.

మాఘమాసమున రథసప్తమికి అరసవిల్లి పోవు సోదరీమణులకును, వచ్చు ఆశ్వయుజమున విజయనగరము పోవువారికిని మా మనవి యిది. సంచిలో కట్టియుంచినది కొనక, కన్నులయెదుట చుట్టించుకొనుడు. ముగ్గురికొకటి కొని పంచుకొనుడు. తిన్న పిమ్మట పిల్లలచేత నోరు పుక్కిలింపజేయుడు. అన్నిటికంటె ముఖ్యముగ, తెల్లనిది కావలెనని యడుగుడు. ఆ యమ్మువాడు చెడ్డవాడు కాడు. బేరమెటున్న వాడటే పోవును. ఒక్కరడిగినచో నవ్వి ఊరకుండును. పదిమంది అడిగినచో ఆ గులాబిపొడి సీసాను తానే ఇంట విడిచి వచ్చును.